స్ట్రాన్షియం రీకాంబినేషన్ లేజర్: కొనేముందు వాటేజీ కాదు, పల్స్ తోక చూడండి

ఊదారంగు వెలుతురు మాత్రమే కావాలనుకుంటే ఈ యంత్రం జోలికి పోకండి. 405 నానోమీటర్ల డయోడ్ కొన్ని వేల రూపాయలకే వస్తుంది, అరచేతిలో ఇముడుతుంది, స్విచ్ వేయగానే వెలుగుతుంది. స్ట్రాన్షియం ట్యూబ్‌ది అలా కాదు. వేడెక్కడానికే గంట అటూ ఇటూ పడుతుంది. హీలియం కావాలి, వేల వోల్టుల సప్లై కావాలి, దగ్గరుండి చూసుకునే మనిషి కావాలి. అయితే ప్లాస్మాలో విడిపోయిన ఎలక్ట్రాన్లు మళ్లీ అయాన్లను చేరుకునే (రీకాంబినేషన్ అంటే ఇదే) ఆ కొన్ని వందల నానోసెకన్లలో లేజర్ ఎలా పుడుతుందో కళ్లకు కట్టినట్టు చూపించాలంటే మాత్రం దీనికి సాటి వచ్చే పరికరం మరొకటి లేదు. పీజీ ఫిజిక్స్ ల్యాబుకూ, గ్యాస్ డిశ్చార్జి మీద పరిశోధన చేసేవాళ్లకూ మా ఓటు దీనికే. మిగతావాళ్లకు వద్దనే చెబుతాం.

ఈ సమీక్ష ఒక కంపెనీ మోడల్ గురించి కాదు, ఈ తరహా యంత్రం గురించి. దగ్గర పెట్టుకున్న కొలతలివి: లోపలి వ్యాసం 10 మిల్లీమీటర్లు, పొడవు 40 సెంటీమీటర్లు ఉన్న బెరీలియం ఆక్సైడ్ గొట్టం, థైరట్రాన్ (హై వోల్టేజీ పల్సులు వదిలే గ్యాస్ ట్యూబ్) స్విచ్‌తో నడిచే పవర్ సప్లై, మీటరు దూరంలో ఎదురెదురుగా రెండు అద్దాలు. ఇంతకన్నా చిన్నవీ పెద్దవీ ఉన్నాయి గానీ గుణదోషాలు అన్నింటికీ ఒకటే.

ముందు ఇది పనిచేసే తీరు. మనకు అలవాటైన హీలియం-నియాన్ లాంటి గ్యాస్ లేజర్లలో కరెంటు పారుతున్నంతసేపే వెలుగు. ఇక్కడ కరెంటు ఆగాకే అసలు పని మొదలవుతుంది, వాన వెలిశాక చూరు కారినట్టు. వందల ఆంపియర్ల పల్స్ ఒకటి, 100 నుంచి 200 నానోసెకన్ల పాటు, గొట్టంలోని స్ట్రాన్షియం ఆవిరి గుండా పోతుంది. మొదటి ఎలక్ట్రాన్‌ని ఊడగొట్టడానికి 5.69 ఎలక్ట్రాన్ వోల్టులు, రెండోదానికి 11.03. హీలియంని అయనీకరించాలంటే 24.6 కావాలి కాబట్టి కరెంటు శక్తి ఎక్కువగా స్ట్రాన్షియం మీదే ఖర్చవుతుంది. రెండేసి ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న స్ట్రాన్షియం అయాన్లు దండిగా తయారవుతాయి. అప్పుడు కరెంటు ఠక్కున ఆగాలి.

ఆగగానే వేడి ఎలక్ట్రాన్లు హీలియం పరమాణువులను గుద్దుకుంటూ చల్లబడతాయి. చల్లబడ్డ ఎలక్ట్రాన్‌ని అయాన్ పట్టుకుంటుంది. ఈ పట్టుకోవడానికి పక్కన ఇంకో ఎలక్ట్రాన్ ఉండాలి, మిగులు శక్తిని మోసుకుపోయేది అదే. అందుకే ఈ కలయిక వేగం ఎలక్ట్రాన్ల సాంద్రత వర్గాన్ని బట్టి పెరుగుతుంది, ఉష్ణోగ్రత నాలుగున్నర ఘాతాన్ని బట్టి పడిపోతుంది. అంకెల్లో చెబితే, ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత సగానికి దిగితే కలయిక వేగం 22 రెట్లకు పైగా పెరుగుతుంది. ఈ యంత్రంలో మంచీ చెడూ అన్నీ ఈ ఒక్క లెక్క చుట్టూనే తిరుగుతాయి.

పట్టుబడిన ఎలక్ట్రాన్ పై మెట్ల (శక్తి స్థాయిల) మీద చేరి ఒక్కొక్కటే దిగుతుంది. పై మెట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, దిగడం సులువు. 6ఎస్ అనే మెట్టు దగ్గరకు వచ్చేసరికి కింది మెట్టు 5పీ దాదాపు 2.9 ఎలక్ట్రాన్ వోల్టుల లోతున ఉంటుంది. నిచ్చెనలో మధ్య మెట్లు ఊడిపోయినట్టన్నమాట. దిగేవాళ్లందరూ అక్కడ గుంపు కడతారు. కింద 5పీ మీదికి వచ్చినవాళ్లు మాత్రం ఏడెనిమిది నానోసెకన్లలోనే 407.8, 421.6 నానోమీటర్ల వెలుగునిచ్చి నేలకు దిగిపోతారు. పైన రద్దీ, కింద ఖాళీ. లేజర్‌కి కావలసింది అదే. ప్రధాన గీత, అంటే లేజర్ వెలుగు తరంగదైర్ఘ్యం, 430.5 నానోమీటర్లు, దాని పక్కన బలహీనంగా 416.2. ఇదే గొట్టంలో కాల్షియం వేసుకుంటే 373.7, 370.6 దగ్గర, అంటే అతినీలలోహితంలో వస్తుంది. దానికి వేరే అద్దాలు కావాలి.

చల్లారే ప్లాస్మాతో లేజర్ సాధ్యమేనని 1960ల తొలినాళ్లలోనే సోవియట్ శాస్త్రవేత్తలు గుద్జెంకో, షెలేపిన్ ప్రతిపాదించారు. స్ట్రాన్షియం, కాల్షియం అయాన్లతో దాన్ని గొట్టంలో చేసి చూపినవాళ్లు రోస్తోవ్‌కి చెందిన లాతుష్, సెమ్. అది 1973 నాటి మాట. అదే కిటుకుతో 1985లో ప్రిన్స్‌టన్‌లో కార్బన్ ప్లాస్మాని అయస్కాంత క్షేత్రంలో బిగించి 18.2 నానోమీటర్ల మెత్తటి ఎక్స్‌రే వర్ధనం సాధించారు. అక్కడ ప్లాస్మాని పుట్టించింది కార్బన్ డయాక్సైడ్ లేజర్. బల్ల మీద పెట్టుకుని చూడగలిగే రూపం మాత్రం ఈ స్ట్రాన్షియం గొట్టమే. ఇంకో సంగతి: 441.6 నానోమీటర్ల హీలియం-కాడ్మియం లేజర్‌ని కూడా ఇదే కోవలో చూపించి అమ్మజూపేవాళ్లుంటారు. అది రీకాంబినేషన్ లేజర్ కాదు. దాంట్లో ఉత్తేజిత హీలియం పరమాణువులే కాడ్మియంని గుద్ది అయాన్‌గా మారుస్తాయి. రంగు దగ్గరిదైనా పని తీరు వేరు.

ఇక యంత్రం భాగాల్లోకి. ఎక్కువ డబ్బూ ఎక్కువ శ్రద్ధా పెట్టాల్సింది పవర్ సప్లై మీద, గొట్టం మీద కాదు. 2 నానోఫారడ్ల కెపాసిటర్‌ని 12 కిలోవోల్టులకు చార్జి చేస్తే దాంట్లో 0.144 జౌళ్లు నిలుస్తాయి. సెకనుకు 5 వేల పల్సులతో నడిపితే 720 వాట్లు. ఇన్సులేషన్ బాగుంటే గొట్టాన్ని పని ఉష్ణోగ్రతకు తేవడానికి అది చాలు, విడిగా ఫర్నేస్ అక్కర్లేదు. రెసొనెంట్ చార్జింగ్ ఉన్న సప్లై అయితే 6 కిలోవోల్టుల డీసీ సరిపోతుంది, ఇండక్టరూ డయోడూ కలిసి కెపాసిటర్ మీద దాన్ని రెట్టింపు చేస్తాయి. థైరట్రాన్ హీటర్‌కి ముందుగా కనీసం పది నిమిషాలు ఇవ్వాలి. చల్లటి థైరట్రాన్ మీద హై వోల్టేజీ వేస్తే కాథోడ్ దెబ్బతింటుంది. దాని ఖరీదు మొత్తం యంత్రంలో చెప్పుకోదగ్గ భాగం.

ఇంతవరకూ కాపర్ వేపర్ (రాగి ఆవిరి) లేజర్ సప్లైకీ దీనికీ తేడా లేదు. ఇందోర్‌లోని ఆర్‌ఆర్‌క్యాట్, ముంబైలోని బార్క్ అనే అణుశక్తి శాఖ పరిశోధనా సంస్థలు కాపర్ వేపర్ లేజర్ల మీద ఏళ్ల తరబడి పనిచేశాయి కాబట్టి మన దేశంలో ఈ సర్క్యూట్లు తెలిసినవాళ్లకు కొదవ లేదు. తేడా పల్స్ చివర ఉంది. కాపర్ లేజర్‌కి కరెంటు ఎంత తొందరగా పైకి లేస్తే అంత మంచిది, తర్వాత ఎలా దిగినా పెద్దగా పట్టింపు లేదు. స్ట్రాన్షియంకి లేవడం కన్నా దిగడం ముఖ్యం. కరెంటు సున్నాకి వచ్చి అక్కడే నిలవాలి. సున్నా దాటి కిందికిపోయి మళ్లీ పైకి లేచిందంటే, ఆ రెండో బంప్ చిన్నదైనా సరే, చల్లబడుతున్న ఎలక్ట్రాన్లను మళ్లీ వేడెక్కిస్తుంది. ఉష్ణోగ్రత రెట్టింపైతే కలయిక 22 రెట్లు మందగిస్తుందని పైన లెక్క చూశాం. లేజర్ మధ్యలోనే తెగిపోతుంది, లేదా అసలు పుట్టనే పుట్టదు. గొట్టం బాగాలేదని, అద్దాలు కుదరలేదని వారాలు పోగొట్టుకునే చోట చాలాసార్లు దోషం ఇక్కడే దొరుకుతుంది.

దీన్ని సరిచేసే దారులు తెలిసినవే. కెపాసిటర్ నుంచి గొట్టం వరకూ తీగ పొడవు తగ్గించాలి. రిటర్న్ కరెంటుని ఒంటి తీగలో కాకుండా గొట్టం చుట్టూ నాలుగైదు రాగి పట్టీల మీదుగా తేవాలి, ఇండక్టెన్స్ పడిపోతుంది. గొట్టానికి సమాంతరంగా పెట్టే పీకింగ్ కెపాసిటర్ కాపర్ లేజర్‌లో మేలు చేస్తుంది, ఇక్కడ మాత్రం విలువ పెంచేకొద్దీ రింగింగ్ (కరెంటు సున్నా చుట్టూ ఊగడం) పెంచవచ్చు. నిల్వ కెపాసిటర్‌లో నాలుగో వంతుతో మొదలుపెట్టి, ఆసిలోస్కోప్ మీద పల్స్ తోక చూసుకుంటూ మార్చుకోండి. ఫెరైట్ రింగులతో చేసిన సాచురబుల్ ఇండక్టర్ ఒకటి సిరీస్‌లో పెడితే పల్స్ ముందు భాగం నిటారుగా అవుతుంది, థైరట్రాన్‌కీ ఊరట.

గొట్టం దేనితో చేశారన్నది తర్వాతి ప్రశ్న. క్వార్ట్జ్ గొట్టం చవక గానీ వేడి స్ట్రాన్షియం ఆవిరి సిలికాని క్షయింపజేస్తుంది. లోపలి గోడ ముందు గోధుమరంగుకి తిరిగి, తర్వాత నల్లబడి, చివరికి పగుళ్లిస్తుంది. అల్యూమినా కొంత నయం. బెరీలియం ఆక్సైడ్ ఆవిరికి తట్టుకుంటుంది, వేడిని ఇట్టే బయటికి పంపుతుంది, అందుకే దానికి అంత పేరు. కానీ దాని పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే నయం కాని జబ్బు. పగిలిన, అంచులు రాలిన బెరీలియం ఆక్సైడ్ గొట్టాన్ని ఎంత తక్కువకు ఇస్తానన్నా తీసుకోకండి. దాన్ని కోయడం, ఆకురాయితో రుద్దడం, గీతలు పెట్టడం ల్యాబులో ఎవరూ చేయకూడదు. ఈ ఒక్క విషయంలో మినహాయింపులు లేవు.

హీలియం గురించి. ఎలక్ట్రాన్ ఒకసారి హీలియంని గుద్దుకుంటే తన శక్తిలో సుమారు 3,600వ వంతు మాత్రమే పోతుంది. కాబట్టి గుద్దుళ్లు వేలల్లో జరగాలి, అవి త్వరగా జరగాలంటే పీడనం ఎక్కువుండాలి. నియాన్ హీలియం కన్నా ఐదు రెట్లు బరువు, ఒక్కో గుద్దుకీ చల్లబడటం ఐదో వంతే. నియాన్‌తో నింపి ఇస్తానంటే ఒప్పుకోకపోవడానికి ఆ కారణం చాలు. 300 టార్‌తో మొదలుపెట్టి 600 వరకూ పెంచుతూ చూడండి (టార్ అంటే పీడనానికి కొలమానం). పీడనం పెరిగేకొద్దీ చల్లబడటం వేగంగా ఉంటుంది గానీ, ఎక్కువ వోల్టేజీ కావాలి, ఒక హద్దు దాటాక డిశ్చార్జి గొట్టమంతా నిండకుండా సన్నటి మెలికల తీగలా ముడుచుకుంటుంది. అది కనిపించిన పీడనానికి 50 టార్ తక్కువే మీ హద్దు. హీలియం 99.999 శాతం శుద్ధమైనదే వాడాలి. మన దేశానికి హీలియం దాదాపు మొత్తం దిగుమతే కాబట్టి ధర కలవరపెడుతుంది గానీ, గంటకు ఒక లీటరు చొప్పున మెల్లగా పారిస్తే 7 ఘనమీటర్ల సిలిండర్ లెక్క ప్రకారం 7 వేల గంటలు వస్తుంది. లీకులకు పోయేదే ఎక్కువ.

స్ట్రాన్షియం నింపడం ఓపికతో చేయాల్సిన పని. లోహం నూనెలో ముంచిన ముక్కలుగా వస్తుంది. హెక్సేన్‌తో నూనె కడిగి, పైనున్న తెల్లటి, పసుప్పచ్చటి పొర గీకి, వెండిలా మెరిసే లోహం కనబడేదాకా శుభ్రం చేయాలి. గాలి తగిలితే నిమిషాల్లోనే మళ్లీ మసకబారుతుంది కాబట్టి ఇదంతా ఆర్గాన్‌లో జరగాలి. గొట్టం పొడవునా నాలుగైదు చోట్ల, మొత్తం ఒక గ్రాము చాలు. పల్సులన్నీ ఒకే దిక్కుకి పోతాయి గనుక అయాన్లు మెల్లగా కాథోడ్ వైపు జరుగుతుంటాయి. అందుకని ఆనోడ్ వైపు ముక్క పెద్దది పెట్టండి. నడిచిన కొన్ని పదుల గంటల తర్వాత పవర్ తగ్గి, ఆనోడ్ కొసన వెలుగు మళ్లీ హీలియం రంగుకి తిరిగితే ఆవిరి కాథోడ్ వైపు జరిగిపోయిందని అర్థం. కొసలు మార్చి బిగిస్తే కొన్నాళ్లు నడుస్తుంది.

తొలిసారి నడిపేటప్పుడు తొందర పనికిరాదు. పంపుతో పదివేలవ వంతు టార్ దాకా లాగి, 50 టార్ హీలియంతో తక్కువ వోల్టేజీ మీద రెండు మూడు గంటలు డిశ్చార్జి నడిపి, ఆ గ్యాస్ పారేసి కొత్తది నింపాలి. లోహం పట్టి ఉంచుకున్న హైడ్రోజన్, గోడల్లోని తేమ ఈ దశలోనే బయటికొస్తాయి. ఒకసారితో పోదు, మూడు నాలుగుసార్లు చేయండి. తర్వాత పూర్తి పీడనం, పూర్తి వోల్టేజీ.

ఇక్కడి నుంచి గొట్టం రంగే మీకు థర్మామీటర్. మొదట హీలియంది లేత గులాబీ-నారింజ వెలుగు. గోడ వేడెక్కేకొద్దీ అందులో నీలం కలుస్తుంది, అది తటస్థ స్ట్రాన్షియం 460.7 నానోమీటర్ల గీత. ఆ తర్వాత గొట్టమంతా గాఢమైన నీలి ఊదాకి తిరుగుతుంది. అప్పుడు అయాన్ గీతలు బలపడ్డాయన్నమాట. ఊదా లేజర్ రావడానికి ముందు పరారుణంలో 1.03, 1.09 మైక్రాన్ల దగ్గర లేజర్ రావచ్చు, కంటికి కనబడదు. అది కరెంటు పారుతుండగా వచ్చేది, రీకాంబినేషన్‌ది కాదు.

ఉష్ణోగ్రత విషయంలో ఈ లోహం చాలా నాజూకు. 523 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆవిరి పీడనం 1 పాస్కల్, 609 దగ్గర 10 పాస్కల్. అంటే పది డిగ్రీలకు సుమారు 30 శాతం మార్పు. ఈ రెంటి మధ్యే, లేదా కొంచెం పైన, మీ గొట్టానికి అనువైన చోటు దొరుకుతుంది. దాటిపోతే కింది మెట్టు నుంచి వచ్చే వెలుగుని పక్కనున్న అయాన్లే మింగేస్తాయి, 5పీ ఖాళీ కాదు, లేజర్ ఆరిపోతుంది. ఇన్సులేషన్ మందం మార్చుకోవడం, పల్స్ రేటు రెండు మూడు వందలు అటూ ఇటూ జరపడం, ఈ రెండే మీ చేతిలోని కళ్లేలు. పల్స్ రేటు పెంచి పవర్ పిండుకుందామనుకుంటే గొట్టం నడిబొడ్డున హీలియం వేడెక్కుతుంది. అక్కడ ఎలక్ట్రాన్లు చల్లబడటానికి చోటుండదు, బీమ్ మధ్యలో మసక మచ్చ పడి ఉంగరంలా అవుతుంది. గొట్టం వెడల్పు పెంచినంత మాత్రాన పవర్ పెరగకపోవడానికీ ఇదే కారణం.

అద్దాల విషయంలో మాత్రం ఇది ఇచ్చే సుఖం వేరు. కాపర్ లేజర్‌లో వెలుగు నిండా 30, 40 నానోసెకన్లే, అద్దాల మధ్య నాలుగైదు చుట్లు తిరిగేలోపు అయిపోతుంది. ఇక్కడ గెయిన్ (వెలుగు బలపడే దశ) 200 నానోసెకన్లున్నా, మీటరు దూరం అద్దాల మధ్య 30 చుట్లు. బీమ్ చక్కగా తీరుతుంది. వెనక 99 శాతానికి తక్కువ కాని అద్దం, ముందు 60 శాతం పరావర్తనం ఉన్నదానితో మొదలుపెట్టండి. కాపర్ లేజర్‌కి వాడే పూత లేని గాజు పలక ఇక్కడ సరిపడా పరావర్తనం ఇవ్వదు. కిటికీలు వేడి భాగానికి 15 సెంటీమీటర్ల దూరంలో, ఏటవాలుగా ఉండాలి. హీలియం పీడనం ఎక్కువ కాబట్టి ఆవిరి అంత దూరం తేలిగ్గా రాదు, ఇది ఈ యంత్రంలో మెచ్చుకోవలసిన గుణం. ఇంత చేసి 1 వాట్ సగటు పవర్ వస్తే బాగా నడుస్తున్నట్టే. 720 వాట్లు పోసి 1 వాట్, 0.14 శాతం. పల్స్‌కి 0.2 మిల్లీజౌళ్లు.

ఈ యంత్రం వసూలయ్యేది స్కోప్ ముందే. గొట్టం రిటర్న్ తీగ చుట్టూ కరెంటు కాయిల్, బీమ్‌లో ఒక నానోసెకన్ స్పందన ఉన్న ఫోటోడయోడ్, 100 మెగాహెర్ట్జ్‌కి తగ్గని స్కోప్. పై ట్రేస్ మీద కరెంటు కొండలా లేచి పడిపోతుంది, అంతసేపూ కింది ట్రేస్ చదునుగా ఉంటుంది. కరెంటు దాదాపు సున్నాకి చేరాక కింది గీత కదలడం మొదలవుతుంది, లేచి, నిలబడి, తీరిగ్గా దిగుతుంది. ఇప్పుడు హీలియం పీడనం వంద టార్ తగ్గించండి. లేజర్ ఆలస్యంగా మొదలవుతుంది. పాఠంలో ఘాతాలతో రాసిన సంబంధం విద్యార్థి కళ్ల ముందు తెర మీద జరుగుతుంది. అద్దాలు మూసేసి గొట్టం పక్క నుంచి 430.5 వెలుగు ఒక్కదాన్నే ఫిల్టర్‌తో చూసినా ఈ ఆలస్యం తెలుస్తుంది.

430 నానోమీటర్లు రెటీనాకి రసాయనికంగా హాని ఎక్కువ చేసే నీలి వెలుగు శ్రేణిలోది. మసకగా కనిపిస్తుంది కదా అని చూడకండి, ఆ రంగుకి కంటి స్పందన తక్కువే గానీ దెబ్బ తక్కువ కాదు. డయోడ్ లేజర్‌తో వచ్చిన 450 కళ్లద్దాలు సరిపోతాయని అనుకోకుండా 430 దగ్గర రక్షణ విలువ రాసి ఉన్నవే కొనండి. కెపాసిటర్ దగ్గర చెయ్యి పెట్టేముందు ఎర్తింగ్ రాడ్ తగిలించి, అక్కడే వదిలేయండి. గొట్టం విప్పితే లోపలి స్ట్రాన్షియంకి నీళ్లు తగలనివ్వకండి, హైడ్రోజన్ వస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో, ఫ్యూమ్ హుడ్ కింద, చిన్న ముక్కలుగా నెమ్మదిగా కరిగించాలి.

సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే, అమ్మేవాళ్లు పవర్ మీటర్ మీద అంకె చూపిస్తారు. మీరు కరెంటు ట్రేస్ అడగండి. గంటసేపు వేడెక్కాక, పూర్తి పీడనంలో, మైక్రోసెకన్ పొడవునా తోక చూడాలి. బంప్ లేకుండా సున్నా మీద నిలిస్తే గొట్టం పాతదైనా తీసుకోవచ్చు, లోహం మళ్లీ నింపుకోవచ్చు. తోక ఊగుతుంటే సప్లై ధర తగ్గించి అడగండి, కొత్త వైరింగ్ చేయించాల్సింది మీరే. ట్రేస్ చూపించడానికే ఒప్పుకోకపోతే వెనక్కి వచ్చేయండి.